తలా ఒక కన్ను

సుబ్బమ్మాళ్ ఇంట్లో ఏది పంచినా సమానంగానే పంచుతుంది. మామిడిపండు కోస్తే టెంకకు ఎంత కండ మిగిలిందో చూసి, దాన్నిబట్టి మిగతా ముక్కల లెక్క సరిచేస్తుంది. పొద్దున్నే మొగుడికొక డబ్బా, కూతురికొక డబ్బా కట్టి, మళ్ళీ రెండు మూతలూ తీసి పక్కపక్కన పెట్టి చూసుకుంటుంది. ఒక దాంట్లో పొరియల్ కూర కాస్త ఎక్కువైందనిపిస్తే చెంచాతో అటు నుంచి ఇటు వేస్తుంది. ఇంట్లో అది నవ్వులాటగా ఉండేది.

మొగుడు కన్నుసామి ఒక పార్సిల్ కంపెనీకి చిన్న వ్యాను నడుపుతాడు. పొద్దున రాజపాళయంలో సామాను ఎక్కించుకుని సత్రపట్టి, చోళపురం, మంసాపురం తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరతాడు. పుట్టి పెరిగిన చోటు, ఏ సందులో ఏ కుక్క కరుస్తుందో కూడా తెలిసినవాడు. అయినా కంపెనీవాళ్ళు ఫోనులో గీసిన నీలం గీత మీదే పోవాలి, గీత తప్పితే సంజాయిషీ అడుగుతారు. కొత్త పార్సిల్ వచ్చినప్పుడు పది సెకన్లలోపు తెర తాకి ఒప్పుకోవాలి, లేకపోతే అది ఇంకొకడికి పోతుంది. ఫోనును తొడ మీద పెట్టుకుని, చూపును రోడ్డుకీ తొడకీ మధ్య ఆడించుకుంటూ నడిపేవాడు. దారి చెప్పే ఆడగొంతు ఒకటి ఫోనులో ఉండేది. పుస్తకాల తమిళంలో మర్యాదగా కుడికీ ఎడమకీ తిరగమని చెబుతుంటే పాటలకు అడ్డమొస్తోందని దాని నోరు మూయించాడు.

నిరుడు పంగుని నెలలో, ఎండలు ముదిరే రోజుల్లో, మేకపిల్లను ఆఖరి క్షణంలో చూసి, తప్పించబోయి, వ్యానును కాలవలో దింపాడు. సుబ్బమ్మాళ్ మారియమ్మకు మొక్కుకుంది. ఇరుక్కన్‌గుడికి పోయి గుడి ముందు అంగట్లో వెండి కళ్ళ జత కొన్నది. కంటిజబ్బు నయమైనవాళ్ళు హుండీలో వేసే రేకు కళ్ళు అవి. ఆ రోజు జనం తోపులాటలో హుండీ దాకా చెయ్యి అందలేదు. వెనకవాళ్ళు నెట్టుకుంటూ బయటికి తెచ్చి పడేశారు. గుప్పిట విప్పి చూస్తే కళ్ళు అలాగే ఉన్నాయి. అమ్మ వద్దన్నదని అనుకుని ఇంటికి తెచ్చి, వ్యాను ముందు అద్దం వెనక, రోడ్డు బాగా కనబడేటట్టు అటు తిప్పి గమ్ముతో అంటించింది.

మర్నాడు పొద్దున కళ్ళు తెరుచుకున్నాయి.

మెకానిక్ ముత్తుకుమార్ చూసి పెట్రోలు గుడ్డతో తుడవద్దన్నాడు. చెక్‌పోస్టు దగ్గర పోలీసాయన వంగి చూసి, దుమ్ము పడి ఎర్రబడుతున్నాయి, కాస్త నీళ్ళు చల్లమని చెప్పాడు. అవి చూసింది కన్నుసామి కాలికి తెలిసేది. ఆవు అడ్డమొస్తే, అతను ఫోను చూస్తుండగానే కాలు తనంతట తాను బ్రేకు తొక్కేది. ఏడాదిలో వ్యానుకు ఒక్క గీత పడలేదు.

ఆ ఏడాదిలో కన్నుసామి రోడ్డు చూడటం మానేశాడు. మొదట పార్సిల్ కోసమే తల వంచేవాడు. తర్వాత కబడ్డీ పోటీలు, తర్వాత ఎవరెవరో వంట చేసుకునే వీడియోలు. ఒకసారి సత్రపట్టిలో చుట్టాలింటికి పోతూ సుబ్బమ్మాళ్ వ్యానులో కూర్చుంది. ఊరు దాటిన దగ్గర్నుంచీ అతను తల ఎత్తితే ఒట్టు.

"మామా, కొంజెం తల ఎత్తి సూడు. గవనం రోడ్డుమింద ఉండాల."

"దానికే గదా నువ్వు ఇవి అంటించినావు? అవి సూస్తా ఉండాయి. నేను గూడా సూసి ఏం సేసేది?"

నీ కళ్ళు చాలడం లేదని తెచ్చాను గానీ, నీవి మూసుకోమని తేలేదు అని అనబోయింది. అంతలో సైకిలు మీద బడిపిల్ల అడ్డం రావడం, వ్యాను మెత్తగా ఆగడం, పిల్ల దాటిపోవడం అన్నీ అయిపోయాయి. ఆమెకు అనవలసిన మాట మరిచిపోయి గర్వమొచ్చింది. ఆ గర్వాన్ని తలుచుకుంటే ఇప్పుడు ఆమెకు తన ముఖం మీద తానే ఉమ్ముకోవాలనిపిస్తుంది.

ఈ ఏడు ఆని నెలలో కూతురు మోనిషకు ఉద్యోగమొచ్చింది. స్కూటరు మీద ఇళ్ళిళ్ళకూ పోయి పరీక్షకు రక్తం తీసుకుని ల్యాబుకు తెచ్చే పని. తెలియని ఇళ్ళు, తెలియని వీధులు, చేతిలో ఫోను. సుబ్బమ్మాళ్‌కు మళ్ళీ నిద్ర కరువైంది. ఇరుక్కన్‌గుడి పోయి అదే అంగట్లో ఇంకో జత కొనుక్కొచ్చింది. అది ఎన్ని రోజులైనా తెరుచుకోలేదు, వెండిగానే ఉండిపోయింది.

ఉన్నది ఒక జత. రోడ్డు మీద పోయేది ఇద్దరు. సుబ్బమ్మాళ్ తన జీవితమంతా చేసినట్టే చేసింది. వ్యానులో కుడికన్ను ఊడదీసి మోనిష స్కూటరుకు పెట్టింది. ముందు వైపు అంటించే చోటు దొరక్క మీటరు కింద, పిల్ల మొహానికి ఎదురుగా అంటించింది. కన్నుసామి మిగిలిన ఎడమకన్నును చూసి, ఒంటికన్నువాళ్ళు బండి తోలడం లేదా అని నవ్వాడు.

కళ్ళు పంచిన పదకొండో రోజు పొద్దున పది గంటలకు, మంసాపురం రోడ్డులో కొబ్బరితోపు మలుపు దగ్గర, కుడిపక్క పొలంలోంచి బొమ్మయ్య అనే రైతు సైకిలు మీద పచ్చగడ్డి మోపు పెట్టుకుని నెట్టుకుంటూ రోడ్డెక్కాడు. వ్యానులో ఎడమకన్ను తన పక్కను శ్రద్ధగా చూస్తోంది. అటు పొలానికి నీళ్ళు తోడే మోటారు రూము, దాని నీడలో రెండు మేకలు. మేకలు కదిలితే కాలు కాస్త వేగం తగ్గించింది కూడా. అదే సమయానికి తొడ మీద ఫోను మోగింది, కొత్త పార్సిల్. పది సెకన్ల గడువులో కన్నుసామి నాలుగు సెకన్లకే ఒప్పుకున్నాడు. కాలు బ్రేకు తొక్కలేదు.

బొమ్మయ్య ఆ మధ్యాహ్నమే ఆసుపత్రిలో పోయాడు. కంపెనీవాళ్ళు సాయంత్రంలోపు కన్నుసామి పేరు తీసేశారు. ఆ పార్సిల్‌ను ఇంకో డ్రైవరు చెప్పిన టైముకే అందించాడట. స్టేషన్లో కన్నుసామి, కుడిపక్క కన్ను లేదు సార్, ఇంట్లో ఊడదీశారు అని చెప్పుకున్నాడు. ఎస్సై అది కూడా రాసుకుని, నీ మొహాన ఉన్న రెండూ ఎక్కడ పెట్టుకున్నావని అడిగాడు.

ఆ సాయంత్రం సుబ్బమ్మాళ్ వాకిట్లో స్కూటరు పక్కన కూలబడింది. ఇదైనా పిల్లను కాచింది అంటూ కుడికన్నును కొంగుతో తుడుస్తుంటే మోనిష వచ్చి పక్కన కూర్చుంది. తుడిచే చేతిని పట్టుకుని ఆపి చెప్పింది.

"అది రోడ్డు సూడదు అమ్మా. నన్నే సూస్తాది. దాని ఎదురుగా ఫోను తీసేకి సిగ్గయినాది. మొదటినాడే సీటుకింద పెట్టేసినాను. ఇల్లు కనబడకపోతే బండి నిలిపి, దిగి సూసుకుంటాను."

సుబ్బమ్మాళ్‌కు అప్పుడు అర్థమైంది. వ్యానులో కళ్ళను ఇటు తిప్పి, మొగుడి మొహం కనబడేటట్టు అంటించి ఉంటే సరిపోయేది. ఆమె ఎవరికీ పంచవలసిన పనే ఉండేది కాదు. ఏడవడానికి కూడా ఆమెకు మొహం చెల్లలేదు.

బొమ్మయ్య పదహారో రోజు కార్యం ముగిసిందని తెలిసాక వ్యానులోదీ స్కూటరుదీ రెండు కళ్ళూ ఊడదీసి కొంగున కట్టుకుని మంసాపురం పోయింది. బొమ్మయ్య పెళ్ళాం కుప్పమ్మాళ్ కొట్టంలో ఆవుకు తవుడు కలుపుతోంది. వచ్చినదెవరో తెలిసి కూడా కూర్చోమన్నది. తిడితే బాగుండు, జుట్టు పట్టుకుని ఈడ్చినా బాగుండు అనుకుని వచ్చిన సుబ్బమ్మాళ్ ఏదీ దాచకుండా మొత్తం చెప్పింది. కొంగు ముడి విప్పి చూపించింది. కుప్పమ్మాళ్ చేయి కడుక్కుని వంగి చూసింది.

"ఆ పొద్దు బండిలో ఉన్నది ఏది తాయి?"

సుబ్బమ్మాళ్ ఎడమకన్నును వేలితో చూపింది.

"ఇది ఏం సూసినాది?"

"ఎడమపక్కం సూసినాది అత్తా. మోటారు రూము. రెండు మేకలు."

"నీ మొగుడు?"

"ఫోను."

కుప్పమ్మాళ్ ఆవు వైపు తిరిగింది. తవుడులో చేయి పెట్టి, కలపకుండా అలాగే ఉంచింది.

"యాబై ఏండ్లు ఆ రోడ్డులోనే పోయినాడు, వచ్చినాడు. కడాసిగా, సచ్చే పొద్దున, ఆయన్ను సూసినోళ్ళు ఎవురూ లేరన్నమాట." కొంగులోని కళ్ళ వైపు మళ్ళీ చూసింది. "ఇప్పుడు నన్ను సూస్తా ఉండాయి. ఎత్తుకొని పో తాయి."

సుబ్బమ్మాళ్ రెంటినీ గుప్పిట్లో మూసుకుని రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. బస్సు వచ్చేదాకా అవి ఆమె అరచేతిలో తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉన్నాయి.