దుప్పటి మోగే చోటు

డ్రయ్యర్ తలుపు తీయగానే వెచ్చటి గాలి ముఖానికి తగిలింది.

తెల్లటి దుప్పటి. ఇంకా వేడి పోని దుప్పటి. ఈ అంచు పిచ్చుక చేతిలో, ఆ అంచు వదిన చేతిలో.

మధ్యలో మాటల్లేవు.

హోటల్ లాండ్రీలో దుప్పటి ఒక్కరే మడత పెట్టలేరు. చెరోవైపు పట్టుకోవాలి, బిగించి లాగాలి, ఒక్కసారి విదిలించాలి. ఆ తర్వాత ఎదురెదురుగా నడిచొచ్చి అంచులు కలపాలి. ఎంత పంతం ఉన్నా వేళ్లకు వేళ్లు తగలక తప్పదు. తగిలినప్పుడల్లా పిచ్చుక ముఖం తిప్పుకుంటోంది.

పిచ్చుక అసలు పేరు కాదు. అన్నయ్య పెట్టిన పేరు. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరి నోటా వినబడదు.

అన్నయ్య ఈ లాండ్రీ వ్యాను నడిపేవాడు. కిటికీ దగ్గరున్న రేడియో అతనిదే. అందులో అప్పుడప్పుడూ ఒక పాత రాక్ పాట వచ్చేది. ఆ భాష ముగ్గురిలో ఎవరికీ రాదు. అయినా అన్నయ్యకు అదంటే ప్రాణం. పాటంతా కాదు — పాటలో ఒక్క చోటు.

గిటార్ మెట్లెక్కినట్టు పైపైకి పోతుంది... పాడేవాడి గొంతు చిరిగిపోతుందేమో అనిపించేదాకా సాగుతుంది... ఉన్నట్టుండి అన్నీ ఆగిపోతాయి.

ఏమీ ఉండదు.

ఊపిరి పీల్చుకునేంత ఖాళీ.

అప్పుడు డ్రమ్ము మీద ఒక్క దెబ్బ — వాయిద్యాలన్నీ కట్టగట్టుకుని వచ్చి మీద పడతాయి.

ఆ ఖాళీలో అన్నయ్య గుమ్మంలో నిలబడి చెయ్యెత్తేవాడు. వదినా పిచ్చుకా దుప్పటి బిగబట్టి అతని నోటివంకే చూసేవాళ్లు. ఇప్పుడు, అనేవాడు. దుప్పటి ఫట్టున మోగేది, సరిగ్గా డ్రమ్ముతో పాటు. ఒక్కోసారి పిచ్చుక ఆగలేక ముందే విదిలించేది. అన్నయ్య తల పట్టుకునేవాడు. వదిన నవ్వి నవ్వి తన అంచు నేల మీద వదిలేసేది, ఆ దుప్పటి మళ్లీ ఉతుక్కి పోయేది.

అన్నయ్య పోయాక ఆ పాట వచ్చినా ఆ చోటు దాకా ఎవరూ వినలేదు. గిటార్ మెట్లెక్కడం మొదలవగానే ఇద్దరిలో ఒకరు లేచి వెళ్లి రేడియో కట్టేసేవాళ్లు. ఎందుకని రెండోవాళ్లు అడిగేవాళ్లు కాదు.

ఈమధ్య వదిన మళ్లీ పెళ్లి చేసుకుంటున్నానని చెప్పింది. వాచీలు బాగుచేసే మనిషి, నెమ్మదస్తుడు, వేరే ఊరు. పిచ్చుక నోరు జారింది. మా అన్నయ్యను మడత పెట్టి అలమరలో పడేశావన్నమాట, అంది. అది మొదలు ఒకే గదిలో పని, ఒకే డబ్బాలో భోజనం — మాటామంతీ మాత్రం లేదు.

ఈ రోజుతో వదిన పని మానేస్తుంది. సాయంత్రం బస్సు.

అది కోపం కాదని పిచ్చుకకు తెలుసు. భయం. ఆ చోటు తెలిసినవాళ్లు ముగ్గురు, ఒకరు పోయారు. ఈవిడ కూడా అన్నయ్యను మర్చిపోయి వెళ్లిపోతే, ఆ గుమ్మంలో చెయ్యెత్తి నిలబడ్డ మనిషి గురించి ఎవరితో చెప్పుకోవాలి? తప్పయిపోయింది వదినా, అనే మాట పొద్దుటినుంచీ గొంతుదాకా వచ్చి అక్కడే కూర్చుంది.

ఇదే చివరి దుప్పటి.

రేడియోలో ఆ పాట మొదలైంది.

గిటార్ మెట్లెక్కుతోంది... వదిన తన అంచు బల్ల మీద పెట్టి రేడియో వైపు కదిలింది.

“ఉండనీ, వదినా.”

వదిన ఆగింది. వెనక్కి వచ్చి అంచు అందుకుంది. గొంతు సాగింది... సాగింది...

అన్నీ ఆగిపోయాయి.

పిచ్చుక గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు.

డ్రమ్ము మోగింది. దుప్పటి మోగలేదు.

పిచ్చుక ఇటు తిరిగింది. వదిన ఇంకా గుమ్మం వైపే చూస్తోంది. బిగబట్టిన చేతులు బిగబట్టినట్టే ఉన్నాయి, ఇప్పుడు అనే మాట కోసం ఎదురుచూస్తూ. కళ్ల నిండా నీళ్లు.

పిచ్చుక గొంతులో కూర్చున్న మాట అప్పుడు బయటికొచ్చింది.

“తప్పయిపోయింది వదినా. నువ్వేం మర్చిపోలేదు.”

వదిన ముక్కు భుజానికి తుడుచుకుంది.

“నేను చేసుకోబోయే ఆయనకి అన్నిటికంటే ముందు చెప్పింది ఈ పాట సంగతే, పిచ్చుకా. మీ అన్నయ్య చెయ్యెత్తేవాడని చెప్పాను. నువ్వు ముందే విదిలించేసేదానివని కూడా.”

పిచ్చుకకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. ఒళ్లంతా తేలికైంది.

పాట అయిపోయింది. ఇక ఎదురెదురుగా నడిచొచ్చి అంచులు కలపాలి. కలిపితే పని అయిపోతుంది, వదిన బయల్దేరుతుంది. ఇద్దరూ కదల్లేదు.

డ్రయ్యర్ తలుపు ఇంకా తెరిచే ఉంది. గాలి వెచ్చగా వస్తోంది.

తెల్లటి దుప్పటి. ఈ అంచు పిచ్చుక చేతిలో, ఆ అంచు వదిన చేతిలో.

మధ్యలో ఊపిరి పీల్చుకునేంత ఖాళీ...

ఇప్పుడు అని ఇద్దరిలో ఎవరో ఒకరు అనాలి.