సారయ్య తప్పు

రాజలింగు ఇరవై మూడో జంపఖానాను బల్ల మీద పరిచి, కుడి మూలన సుద్దతో సున్నా చుట్టాడు. నేసింది యాకయ్య. యాకయ్య కూనిరాగం తీస్తూ నేస్తాడు, మూల దగ్గరికొచ్చేసరికి పోగు తప్పుతాడు. కాశిబుగ్గ చేనేత సంఘంలో పంతొమ్మిదేళ్లుగా తప్పులు పట్టడమే రాజలింగు పని. నేతగాళ్లందరి తప్పులూ ఆయనకు కంఠతా వచ్చు. ఈ విద్యకు ఎవరూ పట్టా ఇవ్వలేదు గానీ, సంఘంలో కన్నంటే ఆయనదే కన్ను అనేవారు.

ఆ కన్నే రెండేళ్లుగా మసకబారింది. ముందు దీపాల చుట్టూ పొగ, తర్వాత మొహాల మీద పొగ. ఇంట్లో భార్య మొగిలమ్మకు కూడా చెప్పలేదు. తెలిస్తే ఈ కుర్చీ పోతుంది; కుర్చీ పోతే తానెవరో ఆయనకే తెలియదు. అందుకని బట్టను చూడటం మానేసి, నేసిన మనిషిని తలుచుకోవడం మొదలుపెట్టాడు. చెయ్యి దానంతటదే తప్పు మీదికి వెళ్లేది. వెళ్లిన ప్రతిసారీ గండం గడిచిందనుకునేవాడు.

మధ్యాహ్నం మరిపెడ బస్సు దిగి సారయ్య భార్య అనసూర్య వచ్చింది. భర్త నేసింది ఎప్పుడూ ఆమే మోసుకొస్తుంది.

"మంచిగున్నవా చెల్లె?" అన్నాడు.

ఆమె మూట బల్ల మీద పెట్టి, అరచేత్తో మొహం తుడుచుకుంది. ఎండన పడి వచ్చింది పాపం అనుకొని జంపఖానా విప్పాడు. సారయ్యకు ఎడమ చూపుడు వేలు సగమే ఉంది. ఎడమ అంచుకు జానెడు లోపల ఎప్పుడూ ఒక పోగు వదులుతాడు. రాజలింగు అక్కడ సున్నా చుట్టి పక్కకు జరిపాడు.

అటుగా వచ్చిన మేనేజరు కిషన్ రావు ఆగాడు.

"రాజలింగన్నా, సున్న వెట్టిన కాడ ఏమున్నదే? నడిమిట్ల గింత బొక్కున్నది, గది కండ్ల వడలేదా?"

దొరికిపోయానని రాజలింగు భయపడ్డాడు. ఆ భయం కోపమై అనసూర్య మీదికి మళ్లింది.

"సారయ్య చెయ్యి నడిమిట్ల తప్పదు. ఏమైంది ఆయనకు? పానం మంచిగ లేదా?"

"నా మొకం జూసి గూడ అడుగుతానవా అన్నా? ఆయన పోయి నెలాయె. మగ్గం మీద మిగిలింది నేనే నేసిన."

ఆ మొహం మీద ఇప్పటికీ రూపాయి బిళ్లంత కుంకుమ ఉన్నట్టే ఉంది రాజలింగుకు.

కిషన్ రావు వంగి ఆయన కళ్లలోకి చూశాడు. ఇక దాచి లాభం లేదు.

"కనవడుతలేదు చెల్లె, రెండేండ్ల సంది," అన్నాడు రాజలింగు. ఎవరూ పొమ్మనలేదు. తనే లేచి, గోడ పట్టుకొని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అనసూర్య కొంగుతో సుద్ద తుడవబోయి ఆగిపోయింది. బల్ల మీద జంపఖానా అలాగే ఉంది. ఎడమ అంచు దగ్గర, ఏ తప్పూ లేని చోట, సారయ్య కోసం చుట్టిన సున్నా.