అక్క రక్తానికి ఐసు గ్లాసు

అక్క రక్తం ట్రేలో పడి ఉండటం చెల్లెలు చూడలేకపోయింది. జరిగిన తప్పంతా అక్కడే మొదలైంది.

ఆసుపత్రి మూడో అంతస్తులో డయాలసిస్ వార్డు, నేలకింది అంతస్తులో ల్యాబు. చెల్లెలు ఆ ల్యాబులో టెక్నీషియను. వార్డులో కిటికీ పక్కన మొదటి మంచం అక్కది. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు ఆ మంచం మీదే. కిడ్నీలు చేతులెత్తేసి రెండేళ్ళయింది. అంతకుముందు ఇరవై ఏళ్ళు అక్క బస్సు కండక్టరు. ఒళ్ళు సగమైంది గాని ఆ గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. నర్సు సూదులు గుచ్చి మిషను తిప్పగానే "రైట్, పోనీ!" అని కేకేస్తుంది. మిగతా పదకొండు మంచాల వాళ్ళూ నవ్వుతారు. నర్సు పైకి విసుక్కుంటుంది గాని, అక్క నీరసంగా ఉండి కేక వెయ్యని రోజున ఆవిడే "ఏమైంది, బస్సు కదల్లేదా ఇవాళ?" అని అడుగుతుంది.

ఆ పన్నెండు మంది మీద పెద్ద డాక్టరుగారు ఒక పరిశోధన పెట్టుకున్నారు. మొదటి రోజున ఆయన వార్డుకొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, అందరికీ ఓపిగ్గా చెప్పారు. మనం పీల్చే ఆక్సిజన్ ఒంట్లో పనిచేసేటప్పుడు కొన్ని పెంకి కణాలు పుడతాయి. అవి కనపడిన కొవ్వునల్లా కొరుకుతాయి, రక్తనాళాలను పాడుచేస్తాయి, గుండెను అలసిపోయేలా చేస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ఒంట్లో వాటిని పట్టి అదుపుచేసే కాపలా ఉంటుంది. ఏళ్ళ తరబడి జబ్బుతో ఉన్నవాళ్ళలో ఆ కాపలా బలహీనపడుతుంది. దానికి తోడుగా రోజుకొక క్యాప్సూల్ ఇచ్చి, ఏమైనా మేలు జరుగుతుందేమో నెలనెలా రక్తం తీసి చూస్తారు.

"అంటే సార్, మేం తుప్పు పడుతున్నామన్నమాట," అంది అక్క.

డాక్టరుగారు ఒక్క క్షణం తటపటాయించి, "అలాగే అనుకోమ్మా," అన్నారు. ఆ రోజు నుంచి వార్డులో ఆ పరీక్షకు తుప్పు పరీక్ష అనే పేరు స్థిరపడిపోయింది.

పరీక్ష చేసేది చెల్లెలే. రక్తాన్ని గిర్రున తిప్పి, పైకి తేలిన పసుపు నీటిని వేరుచేసి, దాంట్లో ఒక మందు కలిపి, మరిగే నీళ్ళలో పెడుతుంది. అది గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు ఎంత చిక్కబడితే ఒంట్లో ఆ కొరుకుడు అంత ఎక్కువన్న లెక్క. రంగును కొలిచే యంత్రం ఒక అంకె చెబుతుంది. అయితే దీనికొక నియమం ఉంది. రక్తం తీసిన పది నిమిషాల్లో ట్యూబును ఐసులో పెట్టాలి, అరగంటలో తిప్పాలి. లేకపోతే ఒంట్లో జరగాల్సిన కొరుకుడు ట్యూబులోనే జరిగిపోయి, లేని రంగు వస్తుంది. ఆ నియమాన్ని టైపు చేసి వార్డు గోడకు అంటించింది కూడా చెల్లెలే.

మొదటి వారంలోనే వార్డులోని ఐసు మిషను పాడైంది. బాగుచేసేవాడు రేపంటే రేపన్నాడు. ఇక ట్యూబులను కిందికి మోసుకొచ్చే ముసలి అటెండరు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన్ని అందరూ "నిదానం" అంటారు. మోకాళ్ళ నొప్పులు, పైగా మనిషి కనబడితే కబుర్లు. లిఫ్టు స్ట్రెచర్లకే సరిపోదు. మెట్ల మీద ఒక్కో మలుపులో ఒక్కో చుట్టాన్ని పలకరించి ఆయన ల్యాబుకు చేరేసరికి రెండు గంటలు. పన్నెండో మంచం దాకా రక్తం తీసేవరకూ మొదటి ట్యూబు ట్రేలో ఎదురుచూడాలి. ఆ మొదటి ట్యూబు అక్కది.

'అందరివీ ఒకేలా ఆలస్యమవుతున్నాయి కదా, తేడా ఏముందిలే' అని చెల్లెలు సర్దిచెప్పుకుంది. మొదటి నెల అంకెలన్నీ ఆరు, ఆరున్నర, ఏడు. అక్కది ఆరు పాయింట్ ఎనిమిది.

రెండో నెల ఏదో కాగితం కోసం వార్డుకు వెళ్ళింది. అక్క పేరు రాసిన ఊదామూత ట్యూబు ఎండపడే కిటికీ దగ్గర ట్రేలో ఉంది. దాని పక్కన నిదానం ఎవరికో తన మోకాలి ఎక్స్‌రే కథ చెబుతున్నాడు. అమ్మ పోయాక చెల్లెలికి జడలు వేసి, బడి దగ్గర దింపి, జ్వరమొస్తే డ్యూటీ మానేసి పక్కన కూర్చున్న మనిషి రక్తం అది. చెల్లెలు ఆ ట్యూబు తీసుకుంది. ల్యాబు ఫ్రిజ్‌లోంచి స్టీలు గ్లాసు నిండా ఐసు తీసి, అందులో గుచ్చి, వెంటనే తిప్పింది. ఆ తర్వాత అదొక అలవాటైపోయింది. రక్తం తీసే రోజున గ్లాసు పట్టుకుని మెట్లెక్కేది, అక్క ట్యూబు ఒక్కటీ తెచ్చుకునేది. తను చేస్తున్నది పరిశోధనకు ద్రోహమని ఆమెకు తట్టనే లేదు. ప్రేమతో చేసే పనిలో తప్పును ఎవరు వెతుక్కుంటారు?

రెండో నెల అక్క అంకె నాలుగు. మూడో నెల మూడున్నర. మిగతా పదకొండు మందివీ ఎక్కడివక్కడే.

పేషెంట్లకు అంకెలు చెప్పకూడదని డాక్టరుగారు ముందే హెచ్చరించారు. చెల్లెలు నోరు ఆగితేనా! మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి, ఆయాసపడుతూ అక్క చెవిలో ఊదేసింది. అక్క దాన్ని కండక్టరు గొంతుతో వార్డంతా చాటింది. "నా తుప్పు సగానికి సగం వదిలిందర్రోయ్!"

అంతవరకైతే ఫరవాలేదు. కాని అప్పటికే చెల్లెలి కిడ్నీ అక్కకు సరిపోతుందని తేలింది. పరీక్షలన్నీ అయిపోయాయి. ఇద్దరూ సంతకాలు పెడితే ఆపరేషను తేదీ ఇస్తామన్నారు. ఫారాలు తెచ్చి అక్క మంచం మీద పరిచారు. చెల్లెలు పెన్ను తీసింది. అక్క ఆ పెన్ను వైపు ఒకసారి చూసి, చటుక్కున కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

"ఇప్పుడొద్దులేవే. నంబరు బ్రహ్మాండంగా తగ్గుతోందిగా. ఆ క్యాప్సూలే నన్ను లాక్కొస్తుంది. నిన్ను కోయించడం దేనికి?"

"అక్కా, అది వేరు, ఇది వేరు..." అని చెల్లెలు గొణిగింది. గొణిగిందే గాని గట్టిగా చెప్పలేదు. ఎందుకంటే ఆ క్షణంలో ఆమె గుండె మీంచి పెద్ద బరువు దిగిపోయింది. కత్తి అంటే ఆమెకు చచ్చేంత భయం. రోజూ ఇతరుల రక్తంతో ఆడుకునే మనిషి, తన ఒళ్ళు కోస్తారన్న ఊహకే రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచి కూర్చునేది. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే ఏమంటారు? ఆ సాయంత్రం ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయింది. తర్వాత ఆమెను అన్నిటికంటే ఎక్కువగా కాల్చింది ఆ నిద్రే.

డయాలసిస్ డాక్టరమ్మ ఊరుకోలేదు. "ఆ అంకె పరిశోధనకు పనికొచ్చేదమ్మా, దాన్ని చూసి వైద్యం మార్చం. మీ గుండె గోడ మందమవుతోంది. ఈ ఏడాది దాటితే ఆపరేషను తట్టుకుంటారన్న నమ్మకం నాకు లేదు," అని మొహం మీదే చెప్పింది. అక్క నవ్వేసి, "చూద్దాం మేడమ్, బండి నడుస్తోందిగా," అంది. చెల్లెలు పక్కనే నిలబడి దుప్పటి మడతలు సరిచేసింది.

నాలుగో నెల రక్తం తీసిన రోజున చెల్లెలు జ్వరంతో సెలవు పెట్టింది. ఆ పూట అక్క ట్యూబు కూడా అందరి ట్యూబులతో పాటే నిదానంతో కబుర్లు చెప్పుకుంటూ కిందికి దిగింది. ఇంకో టెక్నీషియను తిప్పి, పసుపు నీళ్ళు వేరుచేసి దాచి ఉంచాడు. రెండు రోజుల తర్వాత చెల్లెలు వచ్చి మరగబెట్టింది. అక్క ట్యూబు చిక్కటి గులాబీ రంగుకు తిరిగింది. అంకె ఆరు పాయింట్ తొమ్మిది.

చెల్లెలు నేరుగా పైకి పరుగెత్తింది.

"క్యాప్సూళ్ళు మానేశావా? నిజం చెప్పు. నా మీద ఒట్టు!"

"ఒక్కటి మానలేదే, నీ మీదే ఒట్టు," అంటూ అక్క సంచిలోంచి ఖాళీ అట్టలు తీసి చూపించింది. టిక్కెట్ల కట్టలా అన్నిటినీ రబ్బరు బ్యాండు వేసి దాచుకుంది. "నంబరు పెరిగిందా? ఎంత?"

"ఏం లేదులే. మిషనుదేదో తేడా ఉన్నట్టుంది," అని చెల్లెలు నీళ్ళు నమిలింది. వెనక్కి తిరిగేసరికి గోడ మీద, తాను అంటించిన కాగితం కనిపించింది. అంచులు ఊడి వేలాడుతోంది. పది నిమిషాల్లో ఐసు. అరగంటలో తిప్పాలి. అక్షరం అక్షరం చదివింది. చదివాక స్టీలు గ్లాసు గుర్తొచ్చింది.

ఆ మధ్యాహ్నం ల్యాబులో తోటి టెక్నీషియనుతో తన చేతినుంచే రెండు ట్యూబుల రక్తం తీయించుకుంది. ఒకదాన్ని స్టీలు గ్లాసులో ఐసులో పెట్టి అప్పటికప్పుడే తిప్పింది. రెండోదాన్ని ఖాళీ ట్రేలో పడేసి నిదానం చేతికిచ్చింది. "మూడో అంతస్తు దాకా వెళ్ళి, కాసేపు ఎండలో కూర్చుని, తీరిగ్గా దిగి రా."

"ఇన్నాళ్ళకి నా విలువ తెలుసుకున్నావమ్మా," అని ఆయన మురిసిపోతూ వెళ్ళాడు. చెప్పినట్టే, చెప్పినదానికంటే తీరిగ్గానే వచ్చాడు.

రెంటినీ ఒకేసారి మరగబెట్టింది. ఒకటి లేత రంగు, కనిపించీ కనిపించనట్టు. రెండోది చిక్కటి గులాబీ. నిక్షేపంలా ఉన్న తన రక్తం రెండు గంటల్లో జబ్బు మనిషి రక్తమైపోయింది. ఇక ఒక్క క్షణం కూడా ఆలోచించాల్సిన పని లేదు. క్యాప్సూల్ ఏమీ చెయ్యలేదు. తగ్గించింది ఐసు గ్లాసు. అక్క ఒంట్లో తుప్పు ఎక్కడిదక్కడే ఉంది. ఈ నెల రోజులూ ఆ ఒక్క అంకెను పట్టుకుని అక్క ఆపరేషను వాయిదా వేసింది. అక్క వాయిదా వేసినందుకు తను హాయిగా నిద్రపోయింది. స్టూలు మీద కూర్చుని చెల్లెలు వెక్కి వెక్కి ఏడ్చింది.

పెద్ద డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పింది. పన్నెండు మంది, నాలుగు నెలలు. అన్ని ట్యూబులూ ఎందుకూ పనికిరానివే.

"నియమం రాసింది నువ్వే కదమ్మా," అన్నారు ఆయన. ఆయన తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. "నా కాగితాల సంగతి తర్వాత ఏడుద్దాం. ముందు మీ అక్కకు చెప్పు. ఇవాళే చెప్పు," అన్నారు.

రెండు ట్యూబులున్న చిన్న స్టాండు పట్టుకుని మెట్లెక్కింది. ఒక్కో మలుపులో ఒక్కో సాకు తట్టింది. రేపు చెప్పొచ్చు. డాక్టరమ్మ చేత చెప్పించొచ్చు. అసలు చెప్పకపోతే ఏం, అక్కే కదా వద్దన్నది? ఈ చివరి సాకు తట్టినప్పుడు తన మీద తనకే అసహ్యమేసి, మిగతా మెట్లు గబగబా ఎక్కేసింది.

అక్క మిషను మీద ఉంది. ఇంకా అరగంట మిగిలింది. ఎడమచేతి గొట్టాల్లోంచి రక్తం వెళ్తూ వస్తూ ఉంది. చెల్లెలు స్టాండును మంచం పక్కనున్న బల్ల మీద పెట్టింది.

అక్క రెంటినీ మార్చి మార్చి చూసింది. "ఈ తెల్లగా ఉన్నది నీది. ఈ చిక్కగా ఉన్నది నాది. అంతేనా?"

"రెండూ నావే అక్కా."

నిలబడే చెప్పింది. గ్లాసు సంగతి, ట్రే సంగతి, జ్వరమొచ్చిన రోజు సంగతి. ఇరవై ఏళ్ళు బస్సులో ప్రతి మనిషినీ ఒక మాట అనకుండా వదలని అక్క, అంతా విని ఊరుకుంది.

"అయితే నాకేం తగ్గలేదు."

"తగ్గలేదు."

"మరి నేను ఆపరేషను వద్దన్నప్పుడు నీకు హాయిగా అనిపించింది కదూ?"

అబద్ధం చెల్లెలి నాలుక చివరిదాకా వచ్చింది. "అనిపించింది. నాకు భయం అక్కా. ఇప్పటికీ భయమే."

"నాకు తెలుసే. ఆ రోజు నీ చేతిలో పెన్ను గజగజ వణికింది. చూశాను. చూడలేక కిటికీ వైపు తిరిగాను. కాయితాలు సంచిలో పడేసి నంబరు పట్టుకు వేలాడాను." అక్క గొంతు జీరబోయింది. ఆ గొంతు అలా అవ్వడం చెల్లెలు ఎన్నడూ వినలేదు. "పెద్ద త్యాగం చేశానని మురిసిపోకు. నాకు బతకాలనుందే. నిన్ను నోరు తెరిచి అడగడానికి సిగ్గేసింది. పెంచిన పిల్లను ఒళ్ళు కోసిమ్మని ఎలా అడగను?"

చుట్టూ మంచాల మీద ఎవరూ నవ్వడం లేదు. నర్సు అటువైపు తిరిగి ఏదో రాసుకుంటోంది.

"ఇప్పుడు అడుగుతున్నాను," అంది అక్క. "ఇస్తావా?"

చెల్లెలు వంగి, మంచం కింద ఉన్న అక్క సంచి తెరిచింది. ఖాళీ క్యాప్సూల్ అట్టల కట్ట కింద, నెల రోజులుగా మడతపడి ఉన్న ఫారాలు దొరికాయి. తన ఫారం తీసి బల్ల మీద పరిచింది. కాగితం జారిపోకుండా అక్క ఖాళీగా ఉన్న కుడిచేత్తో ఒక అంచును నొక్కిపట్టింది.

చెల్లెలు పెన్ను తీసింది. చెయ్యి మళ్ళీ వణికింది. ఈసారి అక్క కిటికీ వైపు తిరగలేదు. సంతకం పూర్తయ్యేదాకా ఆ చేతినే చూస్తూ ఉంది.