యెస్పర్ సహజ సేద్యం

కోపెన్‌హాగన్‌లో సబ్బుల ప్రకటనలు రాసుకునే యెస్పర్, డెన్మార్క్ పల్లెపట్టు జట్లాండ్‌లో మా పక్క పొలం కొన్నాడు. వెంట భార్య మాలేనె. పళ్ల డాక్టరు దగ్గర పనిచేసిన మనిషి, మాట తక్కువ.

గొర్రెలు దిగకముందే యెస్పర్‌కి వాటి గురించి అంతా తెలుసు. మా ఆయన వెళ్లి, ఈనకముందే తల్లులకు టీకాలు వేయించమన్నాడు. నేలను మందులతో చంపింది మీ తరమేనని యెస్పర్ కాఫీ పోసి మరీ పాఠం చెప్పాడట. కాఫీ కూడా చేతకాదని మా ఆయన వచ్చి చెప్పాడు.

వసంతంలో గొర్రెపిల్లలు పుట్టాయి. పత్రికవాళ్లొచ్చారు. కొత్త స్వెటర్ వేసుకుని, పిల్లను చంకనెత్తుకుని, యెస్పర్ ఫొటో దిగాడు. ఆ వారంలోనే పిల్లలు పడిపోవడం మొదలైంది. అదీ బాగా బలిసినవే. పొద్దున గంతులేసింది మధ్యాహ్నానికి కాళ్లు కొట్టుకుని చచ్చేది. బలమైనవాటినే ప్రకృతి మిగులుస్తుందని యెస్పర్ లోపల కూర్చుని వ్యాసం రాస్తున్నాడు.

మాలేనె మా వాకిట్లోకొచ్చింది.

"గుడ్రున్ గారూ, మీ పశువుల డాక్టరు నంబరివ్వండి."

"మీ ఆయన ఒప్పుకున్నాడా అమ్మాయ్?"

"ఆయన్ని అడగలేదండీ."

డాక్టరొచ్చి మందకంతా టీకాలు వేశాడు. భయపడే రోగుల దవడలు పట్టిన చేతులు కదా, మాలేనె ఒక్క గొర్రెనూ జారనివ్వలేదు. యెస్పర్ వచ్చి, నన్ను మోసం చేశావన్నాడు, డాక్టరు ముందే.

ఆమె తల ఎత్తలేదు. "చచ్చినవాటిని రోడ్డు దాకా మోసుకెళ్లు. వాటిని తీసుకెళ్లే లారీ వస్తుంది. ఇన్నాళ్లూ నేనే మోశాను."

యెస్పర్ తన బూట్లకేసి చూసుకుని, వ్యాసం పూర్తిచెయ్యాలంటూ లోపలికెళ్లాడు. ఉన్ని కత్తిరించే రోజుల్లో ఉపన్యాసానికని నగరం వెళ్లి, అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు సేద్యం ఎలా చెయ్యాలో తనలాంటివాళ్లకే నేర్పుతున్నాడు. హాళ్లు నిండుతున్నాయట, నిండవా మరి.

మా ఊరి మగాళ్లూ తక్కువేం కాదు. మాలేనెకు "పళ్లమ్మాయి" అని పేరు పెట్టి, క్రిస్మస్‌కల్లా మూటాముల్లె సర్దుకుని పోతుందని పందేలు కాశారు. తమ గడ్డి కట్టలన్నీ కొట్టాల్లోకి చేరాకే ఆమెకు గడ్డి కట్టే యంత్రం అద్దెకిచ్చారు. అప్పటికి ఆమె గడ్డి వానలో కుళ్లింది. ఆ శీతాకాలం మేత చాలక సగం మందను అమ్ముకుంది. ఒక్కతే ఏడ్చింది, నేను చూశాను. మిగిలిన సగంతో ఉండిపోయింది.

మొన్న గొర్రెలు ఈనే కాలంలో యెస్పర్ శిష్యుల్ని బస్సెక్కించుకొచ్చాడు, "తన" పొలం చూపిస్తానని. సూడి గొర్రెలు బెదురుతాయని మాలేనె గేటు తియ్యలేదు. రోడ్డు మీదే కాసేపు చేతులూపి, యెస్పర్ బస్సు తిప్పించాడు. తిప్పుకోడానికి మా పెరడే దొరికింది. బంగాళాదుంప మడి మీదుగా చక్రాలు పోయాయని మా ఆయన ఇప్పటికీ గొణుగుతున్నాడు.