మధ్యలో ఆగని కారు

తెల్లవారకముందే లేచి అందరికీ చీజ్ పెట్టి బోరెక్ రొట్టెలు కాల్చి డబ్బాకెత్తాను. నేను మాత్రం ముందురోజు మధ్యాహ్నం నుంచే ఏమీ తినలేదు. ఏటా వేసవిలో జర్మనీలోని డ్యూస్‌బర్గ్ నుంచి టర్కీలో మా ఊరు కిర్షెహిర్‌కి కారులో పోతాం. ఏటా నేనిలాగే కడుపు మాడ్చుకుంటాను. లోపల ఏమీ లేకపోతే కారు ఆపమని అడిగే పనుండదు కదా. నాకు పెద్దపేగులో పుండ్లు. దొడ్డికి వచ్చిందంటే వచ్చిందే, రక్తంతో సహా. పస్తులుండొద్దని డాక్టరమ్మ పదేపదే చెప్పింది. ఆవిడదేం పోయింది, మా ఆయన నడిపే కారులో ఎప్పుడైనా కూర్చుందా?

పెట్రోలుకు తప్ప ఆగకుండా దేశాలు దాటడం మా ఆయన నిహాత్‌కి మగతనం. వాళ్ల అన్నయ్య ఎక్రెమ్ కారు ఎప్పుడూ మాకంటే ముందే. "మీరింకా ఆస్ట్రియాలోనే పాకుతున్నారా?" అని దారి పొడుగునా ఫోన్లు. కిందటేడు సెర్బియాలో ఆపమంటే, "ఇంకో పావుగంట బిగబట్టుకో. చిన్నపిల్లవా?" అన్నాడు నిహాత్. పావుగంట పట్టలేదు. పెట్రోలు బంకు కుళాయి దగ్గర నేను స్కర్టు ఉతుక్కుంటుంటే అత్తయ్య తన శాలువా అడ్డం పట్టుకుని నిలబడింది. ఒక్క మాట అడగలేదు. మా ఇంట్లో నా జబ్బుకి గ్యాస్ అని పేరు. ఆ పేరు పెట్టింది నిహాతే.

ఈసారి ఆస్ట్రియా దాటకముందే కడుపు మెలిపెట్టింది. పస్తు కూడా నన్ను కాపాడలేదు. సీటు అంచు గట్టిగా పట్టుకున్నాను. పక్కన కూర్చున్న అత్తయ్య నా చేతి వంక చూసింది.

"ఒరేయ్ నిహాత్, ఆపరా. నాకు అర్జెంటు."

ఆపాడు. ఆవిడ నా వెనకే వచ్చి మరుగుదొడ్డి తలుపు బయట కాపలా నిలబడింది. కాసేపటికి మళ్లీ ఆపించింది. హంగరీలో మళ్లీ.

"ఏంటమ్మా, ముసలితనానికి కుళాయి పాడైందా?" అంటూ వాచీ చూసుకున్నాడు నిహాత్. ఎక్రెమ్ ఫోను చేస్తే, "అంతా అమ్మ వల్లే లేటు" అని నవ్వాడు.

నాకు ప్రాణం చివుక్కుమంది. దిగి బెంచీ మీద కూర్చున్నాక అడిగాను. "నా మూలంగా మీకెందుకు అత్తయ్యా ఈ మాటలు?"

"జర్మనీ వచ్చిన కొత్తలో బల్బుల ఫ్యాక్టరీలో చేశాను తల్లీ. దొడ్డికి పోవాలంటే చెయ్యెత్తి అడగాలి. మేస్త్రీ గడియారం చూసి పంపేవాడు." ఆవిడ అరచేత్తో కళ్లు తుడుచుకుంది. "ఇవాళ నా కొడుకూ గడియారమే చూస్తున్నాడు. వాణ్ణి కన్నదాన్ని, నేనెత్తుతాలే చెయ్యి. నువ్వెత్తకు."

నేనావిడ చెయ్యి పట్టుకున్నాను. ఎన్నేళ్లకో నాకు ఏడుపొచ్చింది.

అంతలో మమ్మల్ని తొందరపెట్టడానికి వచ్చిన నిహాత్ ఫోను మోగింది, మళ్లీ ఎక్రెమే. అతని చేతిలోంచి తీసుకున్నాను.

"బావగారూ, అత్తయ్య వల్ల కాదు, నా వల్ల లేటు. గ్యాస్ కూడా కాదు, పేగుల జబ్బు. రేపొస్తామో, ఎల్లుండొస్తామో. నాకు అవసరమైన చోటల్లా ఆగుతాం."

నిహాత్ చెయ్యి వాచీ దాకా వెళ్లి ఆగిపోయింది.

నేను డబ్బా మూత తీశాను. ఒక బోరెక్ అత్తయ్యకిచ్చి, రెండోది నేను తిన్నాను.