అత్తమ్మ సీటు

గొడవ ఒక స్టీలు డబ్బా దగ్గర మొదలైంది.

"లోపటికి రానియ్యరు అత్తమ్మా" అన్నాను మూడోసారి.

"ఎందుకు రానియ్యరు? సర్వపిండే గదా. బాంబు గాదు గద."

"పిండి గురించి కాదు. డబ్బా స్టీలుది. ఎవరన్నా విసిరికొడ్తరని భయం."

"ఎవలు ఇసిరికొడ్తరు, నేనా? పొద్దుగాల లేచి చేస్కున్న. ఇసిరికొట్టి ఏం తినాలె?"

నీళ్ళ సీసా, గొడుగు, చిల్లర నాణేలు, స్టీలు సామాను తేకూడదని టికెట్లతో పాటు వచ్చిన పట్టీని నేను రెండుసార్లు చదివాను. అత్తమ్మ వినదు. డబ్బాను దస్తీలో కట్టి చంకలో పెట్టుకుంది. పైనుంచి విమానం పోతే ఇద్దరం ఆగాం. శంషాబాద్‌లో మా ఇంట్లో ఏ గొడవైనా అంతే. విమానం దాటాక ఆగిన మాట దగ్గరే మళ్ళీ అందుకుంటాం.

అద్దం ముందు తల దువ్వుకుంటున్న మా ఆయన ఇటు తిరిగాడు. "గింత పరేషాన్ ఎందుకమ్మా? ఎండ గూడ మస్తుగున్నది. ఇంట్లనే ఉండరాదు. టీవీల ఇంకా మంచిగ కనిపిస్తది."

అత్తమ్మ చప్పున డబ్బా నా చేతిలో పెట్టింది. "కార్లనే ఉండనీ తియ్యి" అంది. గొడవ ఆగిపోయింది.

ఆయన మాటను నేను అప్పుడే పట్టుకోవాల్సింది.

మా ఆయన శివశంకర్ మహేశ్వరం వైపు ప్లాట్లు అమ్మిస్తాడు. కొనేవాళ్ళను పార్టీ అంటాడు. పార్టీ వస్తే కారులో ముందు సీటు పార్టీది. మా గదిలో ఏసీ పార్టీది. ముక్కలున్న మొదటి ప్లేటు పార్టీది. డిగ్రీ చదివి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో అది మర్యాద అనుకున్నాను. మర్యాద అయితే ఇంట్లోవాళ్ళకు కూడా ఎప్పుడో ఒకప్పుడు దక్కాలి. పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను.

అత్తమ్మ పేరు అనంతమ్మ. అరవై ఎనిమిదేళ్ళు. ఇంగ్లీషు రాదు, హిందీ సగం వచ్చు, క్రికెట్ మాత్రం మొత్తం వచ్చు. మా మామయ్య జంగయ్య ఉన్న రోజుల్లో పొలంలో మోటరు స్టార్టర్ డబ్బాకు రేడియో తగిలించేవాడట. టమాటాలు కోస్తూ విని విని నేర్చుకుంది. ఆటగాళ్ళ పేర్లు ఆమెకు అక్కర్లేదు, అలవాట్లు చాలు. ఒకడు గడ్డపాయన, ఒకడు బొంగరం. అందరికంటే ఇష్టమైనవాడు ఎడమచేతి పిల్లగాడు. ప్రతి బంతికీ ముందు గ్లౌజు పట్టీ రెండుసార్లు విప్పి బిగించుకుంటాడు.

ఆమెకు టీవీతో ఒక్కటే పేచీ. "ఆడెటోన్నే సూపిస్తరు బిడ్డా. అవుతల నిలవడ్డోడు ఏం జేస్తున్నడో సూపియ్యరు. ఆ పిల్లగాడు తన వంతు రానప్పుడు ఏం జేస్తడో నాకు సూడాలెనని ఉన్నది" అనేది. ఒకసారి కాదు, నాలుగేళ్ళుగా అంటోంది. ఈ ఏడు మన టీమ్ మ్యాచ్‌లు ప్రకటించగానే టికెట్లు నేను కొన్నాను. ఫోను ముందు రెండు గంటలు కూర్చున్నాను. ఉప్పల్ స్టేడియం చూసొచ్చిన పక్కింటి మాజిదాను పిలిచి ఏ వైపు నీడ పడుతుంది, ఎన్ని మెట్లెక్కాలి, పట్టుకోవడానికి కమ్మీ ఉందా అని అడిగాను. కింది స్టాండు, ఏడో వరస, దారి పక్కన మూడు సీట్లు. తొమ్మిది మెట్లు. చివరి సీటు అత్తమ్మది. కాళ్ళు చాపుకోవచ్చు.

కాగితం టికెట్లు కౌంటరు నుంచి మా ఆయన తెచ్చాడు. తెచ్చి జేబులోనే పెట్టుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మూడున్నర ఆట. ఆరాంఘర్ మీదుగా పోయి, స్టేడియానికి చాలా దూరంలో ఒక ఖాళీ జాగాలో కారు పెట్టాం. గేటు దాకా అత్తమ్మ మా ఇద్దరికంటే ముందు నడిచింది. అక్కడ ఆడవాళ్ళ లైను వేరు, మగవాళ్ళ లైను వేరు. మా ఆయన ఒక టికెట్ తీసి నాకిచ్చాడు.

"నువ్వు లేడీస్ లైన్ల పో. ముసలోళ్లకు అటుదిక్కు వేరే దారి ఉన్నదట. అమ్మను నేను తోల్కొస్త."

వెళ్ళాను. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. ఆయన మీద కోపం వచ్చిన ప్రతిసారీ ముందు ఆ లైన్లో నడిచిన నా కాళ్ళ మీద వస్తుంది.

లోపల మెట్ల చివర తల పైకెత్తగానే ఆగిపోయాను. అంత పచ్చదనం టీవీలో ఉండదు. ఎండలో ఆ గడ్డి తడిగా ఉన్నట్టు మెరిసింది. చుట్టూ గోడలా జనం, పైన ఇంత ఆకాశం. ఎక్కడో డప్పులు కొడుతుంటే నా ఛాతీలో మోగుతున్నాయి. అత్తమ్మ వస్తే ఏమంటుందోనని ఆమె సీటు మీది దుమ్ము నా కొంగుతో తుడిచి పెట్టాను.

ముప్పావుగంటకు మా ఆయన వచ్చాడు. వెనక మల్లేశ్వర్. తుక్కుగూడ దగ్గర నాలుగు ప్లాట్లు ఒకేసారి తీసుకుంటానంటున్న పార్టీ.

"నమస్తే అక్కా" అంటూ ఆయన నేను తుడిచిన సీట్లో కూర్చున్నాడు.

"అత్తమ్మ ఏది?" అన్నాను.

"కార్ల కూసున్నది. మెట్లు ఎక్కనన్నది" అన్నాడు మా ఆయన.

"ఏ మెట్లు?"

"గీ మెట్లు."

"ఇవి తొమ్మిది. మన మేడకు ఇరవై రెండు. రోజుకు రెండుసార్లెక్కి బట్టలారేస్తది."

"జర మెల్లగ మాట్లాడు. పక్కన మనిషున్నడు."

పక్కనున్న మనిషి వంగి నావైపు చూశాడు. "పెద్దమ్మకు ఒంట్ల బాగ లేదటగద అక్కా, ఇంట్లనే ఉన్నదని శంకర్ చెప్పిండు. ఆటకేంది, మల్ల చూడొచ్చు. ఆరోగ్యం ముఖ్యం."

ఆయన ముఖంలో అబద్ధం లేదు. ఎవరికో చేయి ఊపడానికి ఆయన లేచి అటు తిరిగినప్పుడు నారింజ రంగు జెర్సీ వీపు మీద తెల్లటి పెద్ద అక్షరాల్లో మల్లేశ్వర్ అని కనిపించింది.

"జెర్సీ బాగుందన్నా" అన్నాను. "పేరు ఎక్కడ వేయించిన్రు?"

"కాటేదాన్ల అక్కా. మా తమ్మునికి అచ్చు మిషన్లున్నయి. గురువారం శంకర్ టికెట్ ఉన్నదనంగనే జెర్సీ ఇచ్చిన, నిన్న తెచ్చిచ్చిండు."

గురువారం. గురువారం సాయంత్రం అత్తమ్మ బీరువా ముందు కూర్చుని ఏ చీర పలుచగా ఉంటుందో నన్ను అడిగి పక్కన తీసి పెట్టుకుంది. అప్పటికే ఆ సీటు పోయింది. మా ఆయన అదే గదిలో కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన మైదానం వైపు చూస్తున్నాడు.

ఆట మొదలైంది. రెండో ఓవర్లో ఒకడు అవుటయ్యాడు, ఎడమచేతి పిల్లగాడు వచ్చాడు. స్టేడియం మొత్తం లేచింది. నేను కూర్చునే ఉన్నాను. అవతలివాడు ఆడుతున్నప్పుడు ఈ పిల్లవాడు ఏం చేస్తాడో చూశాను. అందరూ బంతిని చూస్తుంటే నేను వాణ్ణే చూశాను. బంతికీ బంతికీ మధ్య అంపైర్ వెనక్కి నడిచి, ఎవరూ లేనిచోట బ్యాటు గడ్డి మీద పెట్టి ఉత్త చేతులతో ఇంతకుముందు తప్పిపోయిన బంతిని మళ్ళీ ఆడుతున్నాడు. రెండుసార్లు ఆడాడు. రెండోసారి తనలో తాను ఏదో అనుకుని నవ్వాడు. ఏ కెమెరా అటు లేదు.

నాలుగేళ్ళుగా ఒక మనిషి అడుగుతున్నది నా కళ్ళ ముందు జరుగుతోంది. ఆమె పార్కింగ్‌లో ఎండలో ఉంది. మెట్లు, ఏసీ, టీవీ అంటూ ఆమెకేది మంచిదో మేమందరం చెబుతూనే ఉన్నాం. నేను కూడా ఆరు ఓవర్లు కూర్చున్నాను. ఆ సంగతి దాచను. టికెట్ నేను కొన్నదేనని కూర్చున్నాను, గొడవ చేస్తే నలుగురూ చూస్తారని కూర్చున్నాను.

ఆరో ఓవర్ అయ్యాక లేచాను.

"ఏడికి?" అన్నాడు మా ఆయన.

"అత్తమ్మ దగ్గరికి."

"పిచ్చి లేసిందా? పోతే మల్ల రానియ్యరు."

గేటు దగ్గర తనిఖీ చేసే అమ్మాయి కూడా అదే చెప్పింది. "తెలుసమ్మా" అని బయటికి నడిచాను.

కారు దొరకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అత్తమ్మ ముందు తలుపు తీసి, కాళ్ళు నేల మీద పెట్టుకుని కూర్చుంది. రవికె తడిసి వీపుకు అంటుకుపోయింది. పార్కింగ్ చూసుకునే రాములు ఎదురుగా గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఇద్దరి మధ్య ఆయన ఫోనులో ఆట నడుస్తోంది. స్టేడియం నుంచి అరుపు వచ్చింది. ఫోనులో బౌలర్ అప్పుడే పరుగు మొదలుపెడుతున్నాడు.

"ఫోరు" అంది అత్తమ్మ.

కాసేపటికి ఫోనులో ఫోరు వచ్చింది.

"ఇందాకటి సంది గిట్లనే చెప్తున్నది అక్కా" అన్నాడు రాములు. "అరుపు వినే చెప్తది. సిక్సంటే సిక్సే. సర్వపిండి గూడ పెట్టింది."

నేను ఆమె పక్కన వంగి, "మీతోని ఏం చెప్పిండు?" అని అడిగాను.

అత్తమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. "నా టికెట్ దొంగదట. మిషన్ల చెల్లలేదట. నిన్నెవలో ఫోన్ల మోసం జేసిన్రట, నిన్నేమనొద్దన్నడు."

మల్లేశ్వర్‌తో అత్తమ్మకు ఒంట్లో బాగాలేదని. నాతో ఆమె మెట్లెక్కనన్నదని. ఈమెతో నేను మోసపోయానని. ఒక్క సీటు కోసం మనిషికో మాట. ఇందులో నా మీద వేసింది నాకు అన్నిటికంటే తక్కువ నొప్పి. పరాయివాళ్ళకు ఇచ్చే మర్యాదలో ఆమెకు కనీసం ఒక నిజమన్నా ఇవ్వలేకపోయాడు. "ఆ సీట్ల మల్లేశ్వర్ కూసున్నడు" అని చెప్పాను.

ఆమె ఆశ్చర్యపోలేదు.

"మీరు నమ్మిన్రా, టికెట్ దొంగదని?"

"నువ్వు గట్ల మోసపోయే మనిషివి గావు. బియ్యంల రాళ్లు లెక్కవెట్టేదానివి. గాని అంత మందిల కన్నకొడుకును అబద్ధాలోడవని ఎట్లంట?"

ఆమెకు ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది. "అత్తమ్మా, ఆ పిల్లగాన్ని చూసిన. తన వంతు రానప్పుడు వాడు..."

"చెప్పకు" అంది. చేయి కూడా అడ్డం పెట్టింది. "నువ్వు చెప్తే ఇనటానికి గాదు నేనొచ్చింది. నేను సూడాలె."

తిరుగు ప్రయాణంలో మా ఆయన ఆట గురించి మాట్లాడాడు. మేమిద్దరం వెనక సీట్లో కూర్చున్నాం. ఎల్బీనగర్ దాటాక ఆయన కూడా ఆపేశాడు.

సోమవారం ఆయన పనిమీద పోయాక నేను మళ్ళీ ఫోను ముందు కూర్చున్నాను. మంగళవారం బస్సెక్కి పోయి, కౌంటరు దగ్గర లైన్లో నిలబడి టికెట్లు నా చేతులతో నేను తెచ్చుకున్నాను. అదే స్టాండు, రెండు వరసలు కింద. అత్తమ్మకు చూపిస్తే చదవలేకపోయినా అంకెలన్నీ వేలితో ఒకటొకటే తడిమింది.

బుధవారం మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. మా ఆయన సంతోషంగా ఉన్నాడు.

"శనివారం మల్లేశ్వరన్నోళ్లు వస్తున్నరు. భార్య, పిల్లలు, అందరు. బగారా, మటన్ చెయ్యాలె. అమ్మా, తలకాయ కూర నీ చేతిదే ఉండాలె, అన్నకు చెప్పిన."

అత్తమ్మ పప్పు కలుపుకుంటోంది. తల ఎత్తలేదు. మూడు రోజులుగా ఆమె ఆ సంగతి ఎత్తుతుందేమోనని ఆయన చూశాడు, ఎత్తలేదు కాబట్టి తీరిపోయిందనుకున్నాడు. నాకు అది చూస్తేనే ఒళ్ళు మండింది. గరిటె గిన్నెలో పెట్టాను.

"శనివారం మధ్యాహ్నం మ్యాచుంది" అన్నాను. "నేనూ అత్తమ్మా పోతున్నం. టికెట్లు తెచ్చిన."

ఆయన ముద్ద ఆగింది. "శనివారమా? వాళ్లను పిల్చిన గద. వచ్చేవారం నేనే తీస్కపోత. బాక్సు పాసులు అడుగుత, ఏసీల కూసుందురు."

"మీ పాసులు వద్దు. మీరు రావద్దు. వంట మీరన్నా చేస్కోన్రి, వాళ్లకు వద్దనన్నా చెప్పున్రి. శనివారమే గాదు, ఇగనుంచి ఈ ఇంట్ల మీ పార్టీల కోసం పొయ్యి ముట్టియ్య."

"ఒక్క సీటు కోసం గింత రాద్ధాంతమా?"

"ఒక్క సీటే అయితే మీదే ఇయ్యకపోయిన్రా?"

ఆయన తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వన్నా చెప్పు. మనిషిని పిల్చి వద్దంటే నా ఇజ్జత్ ఏం గావాలె?"

అత్తమ్మ మజ్జిగ పోసుకుంది. రెండు ముద్దలు తింది.

"పదిగొట్టంగ బయలెల్లుతం" అంది నాతో. "ఎండ ముదరకముందే బస్సెక్కాలె."