నారుకు కుట్టిన బట్టలు

పొద్దున్నే షాపు తలుపు తీయగానే టైలరమ్మ ముందు మిషను తుడిచేది. తర్వాత రెండు చుక్కలు నూనె వేసి, పాత గుడ్డముక్క మీద ఒక వరస కుట్టి చూసుకునేది. అవన్నీ అయ్యాక చెయ్యడానికి ఇంక పనుండేది కాదు. ఎదురుగా తాళంచెవులు చేసే పెద్దాయన ఆకురాయితో ఇనుము గీస్తుంటే, గుమ్మంలో కూర్చుని చూస్తూ మధ్యాహ్నం చేసేది.

పని చేతకాక కాదు. ఆ వీధిలో ఆమె కుట్టిన బట్ట లేని ఇల్లు లేదు. చిక్కల్లా, ఆమె కుట్టిన బట్ట వేసుకున్నవాళ్ళతోపాటు పెరిగేది. ఒకటో తరగతిలో వేసుకున్న చొక్కా పదో తరగతి దాకా సరిపోయేది. చేతులు పొడుగైతే చేతులు, భుజాలు విచ్చుకుంటే భుజాలు, ఆఖరికి జేబు కూడా తగుమాత్రంగా పెరిగేది. బొజ్జ వచ్చినవాళ్ళకి బొజ్జ దగ్గర వదులొచ్చేది. జనం అది ఆమె హస్తవాసి అనుకుని ఊరుకున్నారు. "టైలరమ్మ దగ్గర ఒక్కసారి కుట్టించుకుంటే చాలు, జన్మకి చూసుకోనక్కర్లేదు" అని మెచ్చుకోలుగా చెప్పుకునేవాళ్ళు. అన్నట్టే ఒక్కసారి కుట్టించుకుని, జన్మలో ఆ గుమ్మం తొక్కేవాళ్ళు కాదు.

అందుకే నగరంలో రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో పనికి ఒప్పుకుంది. అక్కడ ఒకరు చేతులు కుడితే ఒకరు కాజాలు కుడతారట. ఆమెకి కాలర్లు ఇచ్చారు. చొక్కా అంతా ఉన్నచోటే ఉండి కాలరొక్కటే పెరిగితే ఏమవుతుందో వాళ్ళు అడగలేదు, ఆమె చెప్పలేదు.

వెళ్ళేముందు తమ్ముణ్ణి చూసి రావాలని ఊరి చివర తోటకి వెళ్ళింది. తమ్ముడు టమాటా వేస్తాడు. వేళకి నీళ్ళు పెట్టుకుంటూ, మొక్కలకి కర్రలు పాతి తీగలు కట్టుకుంటూ పాటలు పాడుకునే మనిషి. ఆ రోజు గట్టు మీద పాటా పనీ లేకుండా కూర్చుని ఉన్నాడు. తోటలో మొక్కలన్నీ మోకాలెత్తులోనే ఆగిపోయాయి. ఆకులు దోసిళ్ళలా పైకి ముడుచుకున్నాయి, అంచులు పసుపెక్కాయి. పూత రాలి మళ్ళలో పడివుంది. వరుసగా ఇది రెండో పంట. అంతకుముందు ఆ చుట్టుపక్కల ఈ తెగులు పేరు విన్నవాళ్ళు లేరు.

మరదలు, వ్యవసాయాఫీసు నుంచి వచ్చిన మొక్కల డాక్టరమ్మ వరసల మధ్య నిలబడి ఉన్నారు. డాక్టరమ్మ ఒక ఆకు తిరగేసి వేలితో తట్టింది. అడుగునుంచి పిండి చల్లినట్టు తెల్లదోమ లేచింది.

"ఇదిగో, దీని పనే. జబ్బు మొక్క రసం పీల్చి, అదే నోటితో మంచి మొక్క మీద వాలుతుంది."

"మందు కొట్టాం కదండీ. మార్చి మార్చి కొట్టాం" అన్నాడు తమ్ముడు.

"దోమకి మందుంది. మొక్కలో చేరిన వైరస్‌కి లేదు. పైగా కొట్టగా కొట్టగా దోమకి మందు అలవాటైపోయింది. దోమని తినే పురుగులు మాత్రం చచ్చిపోయాయి."

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట" అంది మరదలు.

డాక్టరమ్మ మెత్తగా మాట్లాడుతుంది గానీ దాపరికం లేదు. ఉన్న మొక్కలన్నీ పీకెయ్యాలంది. గట్ల మీద కలుపు కూడా ఉంచకూడదు, దోమ అందులో దాక్కుంటుంది. కొన్నాళ్ళపాటు పక్క పొలాలవాళ్ళతో సహా ఎవరూ టమాటా వెయ్యకూడదు. ఆ తర్వాత దోమ సోకని నారు తెచ్చి, సన్నకన్నాల నెట్టు కింద పెంచాలి.

"ఎన్నాళ్ళు నెట్టు కింద?" అడిగాడు తమ్ముడు.

"ఎన్నాళ్ళుంచితే అంత మంచిది. పసిమొక్కకి సోకితే పంటే పోతుంది. కాయ పట్టాక సోకితే అంత నష్టం ఉండదు. చిక్కెక్కడంటే, మొక్క ఎదిగి నెట్టుకి తగిలితే దోమ బయటినుంచే పొడుస్తుంది. నెట్టు ఎత్తబోతే లోపలికి దూరుతుంది. పొలమంతా ఇల్లులా పెద్ద పందిరి కట్టించుకోవచ్చు, అయితే..."

"అంత మా వల్ల కాదులెండి" అన్నాడు తమ్ముడు. "ఇంకొక్క పంట చూస్తాను. పోయిందా, పొలం ఇటుకలబట్టీ వాళ్ళకిచ్చేస్తాను."

టైలరమ్మ డాక్టరమ్మ సంచిలోంచి నెట్టు ముక్క తీసుకుని, వేళ్ళమధ్య నలిపి, వెలుతురుకి పట్టి చూసింది.

"దీన్ని నేను కుడతాను" అంది.

తమ్ముడు తలెత్తాడు. "బాగానే ఉంటుంది కానీ అక్కా, గుడ్డ పెరిగితే కన్నాలూ పెరుగుతాయిగా? దోమకి దారిచ్చినట్టవుతుంది."

"నా గుడ్డ సాగుతుందనుకున్నావా? పెరుగుతుంది. కన్నాలు పెద్దవి కావు, ఎక్కువవుతాయి."

డాక్టరమ్మ అది విని, అలాగైతే చాలా వీలుగా ఉంటుందంది.

ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, ఒక పంటకాలం ఆగమని అడిగింది టైలరమ్మ. మిషనుని బండిలో పొలానికి తెచ్చి మోటారు గది నీడలో పెట్టించుకుంది. మరదలు పక్క పొలాలకి వెళ్ళి, కొందరిని బతిమాలి, కొందరితో పోట్లాడి అందరిచేతా పాత మొక్కలు పీకించింది. నేల కొన్నాళ్ళు ఖాళీగా ఎండింది. తర్వాత డాక్టరమ్మ దగ్గరుండి నారు ఇప్పించింది. నాటిన సాయంత్రానికల్లా జానెడెత్తు మొక్కల వరసలన్నిటికీ కలిపి ఒకే నెట్టు సిద్ధమైంది, జానెడు మీద నాలుగు వేళ్ళు వదులుగా. లోపలికి వెళ్ళేచోట తెర వెనక తెర పెట్టి కుట్టింది. బయట పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీశారు. తోవ తప్పిన దోమలు వాటికంటుకుని చచ్చేవి.

మొక్కలు లేచాయి, నెట్టూ లేచింది. నడుమెత్తయింది, మనిషెత్తయింది. తమ్ముడు తెరలు దాటి లోపలికి వెళ్ళి మామూలుగా తీగలు కట్టుకునేవాడు. పూత మీదుండగా లోపలికి తేనెటీగలు రావు గనక, మరదలు రోజూ పొద్దున్నే ఆ తీగల్ని కర్రతో మెల్లగా తట్టి పూలని కదిపేది. తమ్ముడు పాట అందుకున్నాడు.

ఒకరోజు ఫలహారం డబ్బా పట్టుకుని వచ్చిన టైలరమ్మ గట్టు మీదే ఆగిపోయింది. నెట్టు అంతటా నిండుగా ఉంది గానీ తూర్పు మూల ఒకచోట గుంటపడింది.

"ఒరేయ్, ఆ మూల మొక్కలకి ఒంట్లో బాగోలేదు. పీకెయ్."

తమ్ముడు వెళ్ళి ఆకులు తిరగేసి చూశాడు. ముడత లేదు, పసుపు లేదు. పిందెలు కూడా పడుతున్నాయి. "నిక్షేపంలా ఉన్నాయక్కా. నువ్వు కుట్టడంలోనే ఎక్కడో బిగిసి ఉంటుంది."

"నేను బిగించి కుట్టను. వేసుకున్నవాళ్ళు పెరగడం ఆపితేనే నా గుడ్డ ఆగుతుంది. తాళంచెవుల పెద్దాయన మనవరాలి గౌను ఇలాగే ఆగింది. పిల్ల చక్కగా ఆడుకుంటోంది కదా, గుడ్డ సంగతి వదిలెయ్ అన్నారు. వాళ్ళమ్మ ఒక్కతే నా మాట విని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. వెళ్ళబట్టి పిల్ల దక్కింది."

"పిందెలున్న మొక్కని చేతులారా ఎలా పీకనే?" అన్నాడు తమ్ముడు. ఏడాదిగా పిందె చూడని మనిషి.

"ఆకు ముడిచాక పీకుదామా? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంటుంది" అంది మరదలు. ఇంక మొగుడి జవాబుకి ఆగలేదు. పెద్ద ప్లాస్టిక్ సంచీలు తీసుకుని లోపలికి వెళ్ళింది. దోమ చెదిరిపోకుండా మొక్కకి పైనుంచి సంచి తొడిగి, మూతి బిగించి, వేళ్ళతో సహా లాగేసింది. మూడో మొక్క దగ్గర తమ్ముడు వచ్చి సంచి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆ మూలంతా ఖాళీ చేశారు. అక్కడ నెట్టు అడుగున ఎలుక కొరికిన కంత కనిపించింది. టైలరమ్మ నేల మీద బోర్లా పడుకుని చేతిసూదితో దాన్ని కుట్టేసింది.

డాక్టరమ్మ ఆ ఆకులు పరీక్షకి తీసుకెళ్ళింది. నాలుగు రోజుల తర్వాత తనే వచ్చింది.

"వైరస్ ఉంది. ఇంకో వారం ఆగితే తోటంతా పాకేది" అని, నెట్టు చుట్టూ ఒకసారి నడిచి, "నేనింక మీ గుంటలు చూసే పొలాలు తిరుగుతాను" అంది టైలరమ్మతో.

తక్కిన తోట నిలబడింది. కోత మొదలైన వారం అంతా తమ్ముడి గొంతు పోయింది, పాటలు పాడి కాదు, గట్టున పోయే ప్రతివాణ్ణీ పిలిచి కాయలు చూపించి.

పంటయ్యాక మోళ్ళు పీకి, మళ్ళీ నేల ఎండనిచ్చి, కొత్త నారు తెచ్చాడు. పాత నెట్టే కప్పబోతే తండ్రి చొక్కా పసివాడికి తొడిగినట్టు నేలంతా జీరాడింది. రెండు రోజులు చూశాడు. అది ఇటు కుదించుకోలేదు, అటు పెరగలేదు. మడిచి భుజాన వేసుకుని అక్క దగ్గరికి వచ్చాడు.

"ఇది పోయిన పంట బట్టలా ఉందే అక్కా."

"మరి? ఎవరి బట్ట వాళ్ళది" అంది టైలరమ్మ. అంటూనే ఆ మడత విప్పి చూసింది. ప్రతి పంటకీ కొత్త నారు, ప్రతి నారుకీ కొత్త బట్ట. తర్వాత లేచి కొలతల టేపు మెళ్ళో వేసుకుంది. "పద, కొత్తది కుడదాం."

అప్పటికే పక్క పొలాలవాళ్ళు నలుగురు మోటారు గది దగ్గర నిలబడి ఉన్నారు. ఎవరి నారు ఎత్తు వాళ్ళు పుల్లతో కొలుచుకుని తెచ్చారు. మాది ముందంటే మాది ముందని వాదించుకుంటున్నారు. ఆమె మిషను ముందు కూర్చుని, నెట్టు తానులు చుట్టూ పోయించుకుని పని మొదలుపెట్టింది.

మధ్యలో ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. కాలర్ల దగ్గర ఎవరూ లేరు, ఎప్పుడు వస్తారని అడిగారు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చేతిలో గుడ్డ వదలకుండానే జవాబు చెప్పింది.

"ఇంక రానండీ. ఇక్కడ మా నారు ఎదిగిపోతోంది."